బయానా ఇచ్చాక ఇంటి పన్ను మారింది, పాత బకాయి ఎవరు కట్టాలి?

ల్యాబ్ అక్క, హనుమకొండ

అందరికీ నమస్తే. నేను ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా ఆయన కాజీపేటలో రైల్వే. పెళ్లయి పదకొండేళ్లు, నాలుగు కిరాయి ఇళ్లు మారాం. ఈసారి ఎట్లయినా సొంతిల్లు అనుకుని, భీమారంలో 120 గజాల్లో కట్టిన ఇల్లు ఒకటి మాట్లాడుకున్నాం. కింద ఒక పోర్షన్, రోడ్డు వైపు షట్టర్ వేసిన మడిగె, పైన ఇంకో పోర్షన్. ధర 58 లక్షలు. ఉగాది అయిన పదో రోజున 4 లక్షలు బయానా ఇచ్చి, రెండున్నర నెలల గడువుతో అగ్రిమెంట్ రాసుకున్నాం.

మా లెక్క ఇది. బ్యాంకు 80 శాతం ఇస్తానంది, అంటే 46.40 లక్షలు. మిగిలిన 11.60 లక్షలు మావి. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, 4.35 లక్షలు. అది లోన్‌లో కలవదట, చేతి నుంచే పెట్టుకోవాలి. మొత్తం 15.95 లక్షలు. మా పీఎఫ్, నా చిట్టీ, మా అమ్మ ఇచ్చినవి అన్నీ కలిపితే 16.30 లక్షలు. చేతిలో మిగిలేది 35 వేలు. దాంతో గృహప్రవేశానికి పాలు పొంగించుకుని, నలుగురికి భోజనం పెడదాం అనుకున్నాం.

మే రెండో వారంలో మున్సిపల్ వాళ్లు ట్యాబ్ పట్టుకుని వచ్చి ఆ ఇంటిని టేపుతో కొలిచారు. వారం తిరిగేసరికి నోటీసు వచ్చింది. ఇన్నాళ్లూ రికార్డులో ఉన్నది కింది అంతస్తు ఒక్కటే! ఏడాదికి 2,310 రూపాయలు పన్ను. ఇప్పుడు రెండు అంతస్తులూ, మడిగె కమర్షియల్‌గానూ చూపించి 6,480 చేశారు. 2019 నుంచి లెక్కేసి పాత బకాయి, వడ్డీ కలిపి 34,700 కట్టమన్నారు. మా దగ్గర మిగిలేది 35 వేలని చెప్పాను కదా. దేవుడు మూడొందలు వదిలేశాడు.

ఇల్లు అమ్మే ఆయన్ని అడిగితే, "రెండంతస్తుల ఇల్లు మీకు వస్తోంది, రెండంతస్తుల పన్ను నేనెందుకు కట్టాలి" అంటున్నాడు. పైగా ఈ ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే 5 శాతం తగ్గింపు మీద 2,195 కట్టేశాడట. అందులో మా వాటా మేం ఇవ్వాలట. బ్యాంకువాళ్లేమో తాజా పన్ను రసీదు లేకుండా చెక్కు ఇవ్వమంటున్నారు. ఆషాఢం లోపు రిజిస్ట్రేషన్ కావాలని మా అత్తమ్మ పట్టు. జూన్ 19కి స్లాట్ అనుకున్నాం.

నా ప్రశ్నలు రెండే. ఈ బకాయి చట్టప్రకారం ఎవరిది? రేపు నా పేరు మీదికి మారాక ఇంకేమైనా బయటపడితే ఎవరిని పట్టుకోవాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత బిల్ కలెక్టర్, కరీంనగర్

అమ్మా, నేను ఈ పనిలోనే ముప్పై ఏళ్లు తిరిగి రిటైరైనవాడిని. ముందు సూటిగా జవాబు. అమ్మకం జరిగే రోజు వరకూ ఆ ఆస్తి మీద పడిన పన్నులు అమ్మేవాడివి, ఆ తర్వాతవి కొన్నవాడివి. ఇది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, సెక్షన్ 55లో ఉంది. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప ఇదే వర్తిస్తుంది. కాబట్టి 34,700 ఆయనది. ఆయన అడిగిన వాటా కూడా న్యాయమే, జూన్ 19 తర్వాత రోజులకు లెక్కగట్టి ఇచ్చేయండి, పద్దెనిమిది వందలు కూడా కాదు.

అయితే చట్టం ఒకటి, వసూలు ఒకటి. మున్సిపాలిటీకి మనిషితో పని లేదు, ఇంటితోనే పని. బకాయి ఇంటి నంబరు మీద ఉంటుంది. మీ పేరు ఎక్కిన రోజు నుంచి డిమాండ్ నోటీసు మీ తలుపుకే అంటిస్తారు. మీరు కట్టి, తర్వాత ఆయన వెంట కోర్టు చుట్టూ తిరగాలి. 34 వేల కోసం ఎవరు తిరుగుతారు? అందుకని డబ్బు మీ చేతిలో ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

చాలామంది ఈసీ, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్ తీసి, అందులో ఏమీ లేదు కదా అని నిశ్చింతగా ఉంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఇంటి పన్ను బకాయి, నల్లా బిల్లు బకాయి అందులో రావు. నల్లా బిల్లు కూడా చూడండి, అది వేరే పద్దు.

పన్ను ఎందుకు ఇంత పెరిగిందంటే, అది ఇంటి అమ్మకం ధరను బట్టి రాదు. మీ వీధి ఏ జోన్‌లో ఉందో చూసి, చదరపు మీటరుకు నెలకు ఇంత కిరాయి పలుకుతుందని ఒక అంచనా ఉంటుంది. స్లాబు ఇల్లా రేకులా, నివాసమా వ్యాపారమా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. దాన్ని కట్టడం విస్తీర్ణంతో, పన్నెండు నెలలతో గుణిస్తే ఏడాది కిరాయి విలువ. దాని మీద పన్ను, పన్ను మీద 8 శాతం లైబ్రరీ సెస్సు. అంటే మీకు కొత్తగా పన్ను పెంచలేదు. ఇన్నేళ్లూ దాచిన అంతస్తు ఇప్పుడు లెక్కలోకి వచ్చింది, అంతే. 2019 మున్సిపల్ చట్టం వచ్చాక ఇంటి కొలతలు యజమానే సొంతంగా ప్రకటించాలి, తప్పుడు లెక్క ఇస్తే 25 రెట్లు జరిమానా. ఆయనకు ఈ మాట నెమ్మదిగా చెవిన వేయండి.

ఇక నేను అడిగేది. పై అంతస్తుకు పర్మిషన్ ఉందా? మీరు పన్ను గురించే రాశారు గానీ నాకు భయం అక్కడ. అనుమతి లేని అంతస్తు అయితే దాని పన్ను మీద 100 శాతం జరిమానా ఏటా పడుతూనే ఉంటుంది. ప్లాను కంటే పక్కకు జరిపి కట్టినా పడుతుంది, పది శాతం లోపు తేడాకు 25, అది దాటితే 50 శాతం. ఆ జరిమానా ఏళ్ల తరబడి కట్టినా ఆ అంతస్తు సక్రమం అయిపోదు. ముందు ప్లాను కాపీ అడగండి.

కాజీపేట జంక్షన్

అక్కా, మీ ఆయన మా డిపార్ట్‌మెంటే అన్నమాట. నా కథ ఇంకో రకం. 2021లో సోమిడి దగ్గర ఇల్లు. డాక్యుమెంట్ విలువ 42 లక్షలు. అప్పటికి రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 6 శాతం, ఆ లెక్కనే పైసలు సర్దుకున్నాం. జూలై 24కి స్లాట్. జూలై 22 నుంచి ఏడున్నర శాతం అయింది! ఒకటిన్నర శాతమంటే వినడానికి ఏముంది, నాకు 63 వేలు. ముందే చలాన్ తీశాం కదా అంటే, తేడా కట్టాల్సిందే అన్నారు. మా ఇంటావిడ గాజులు కుదువబెట్టి కట్టాను. విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది, ఆ ఏడాదిన్నరలో రెండు పెళ్లిళ్లకు ఆమె గిల్టు గాజులతో వచ్చింది. ఇప్పటికీ ఆ మాట అంటుంది.

నేను నేర్చుకున్నది చెప్తా. అగ్రిమెంట్‌లో "రిజిస్ట్రేషన్ అయ్యేలోపు పెరిగే ప్రభుత్వ చార్జీలు, బయటపడే బకాయిలు ఎవరివి" అని ఒక్క లైను రాయించుకోవాలి. డాక్యుమెంట్ రైటర్లు పాత మ్యాటర్‌లోనే పేర్లు మార్చి ఇస్తారు, అందులో ఈ లైను ఉండదు. మీది ఇప్పటికే రాసుకున్నారు కాబట్టి, వేరే కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

ఇంకో ముచ్చట. మీ ధర 50 లక్షలు దాటింది. 1 శాతం టీడీఎస్ (అమ్మేవాడి ఆదాయపు పన్ను కింద ముందే కోసి కట్టేది), అంటే 58 వేలు, అమ్మే ఆయనకు ఇచ్చేదాంట్లోంచి మీరే పట్టుకుని ఆయన పాన్ మీద ఆన్‌లైన్‌లో కట్టాలి. అది మీ ఖర్చు కాదు, ఆయన డబ్బే. మర్చిపోతే మాత్రం నోటీసు మీకు వస్తుంది. ఈ మాట ఆయనకు రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద చెప్పారంటే గొడవే, ఇవాళే చెప్పండి.

ల్యాబ్ అక్క, హనుమకొండ

టీడీఎస్ సంగతి మాకు అస్సలు తెలియదు. బ్యాంకువాళ్లూ చెప్పలేదు. థాంక్స్ అన్నా.

సార్, ప్లాను అడిగాను. ఆయన మొదట "అదెక్కడుందో" అన్నాడు. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. కింది ఇల్లు భీమారం గ్రామపంచాయతీగా ఉన్నప్పటిది, పంచాయతీ అనుమతే. పై అంతస్తుకు 2021 జనవరిలో టీఎస్ బీపాస్‌లో, అంటే ఆన్‌లైన్‌లో ఇంటి పర్మిషన్లు ఇచ్చే విధానంలో తీసుకున్నారు. ఫొటో మీద అడ్డంగా ఆయన బొటనవేలు పడింది గానీ తేదీ కనిపిస్తోంది.

పాత బిల్ కలెక్టర్, కరీంనగర్

హమ్మయ్య. సగం భారం దిగింది. ఇప్పుడు నోటీసు మళ్లీ చూడండి. 2019 నుంచి బకాయి వేశారని రాశారు. 2021లో పర్మిషన్ తీసుకున్న అంతస్తుకు 2019 నుంచి పన్ను ఎట్లా పడుతుంది? ఎప్పుడు కట్టారో చెప్పే కాగితం ఆయన ఇవ్వలేదు కాబట్టి అంచనా మీద వేసి ఉంటారు. మా రోజుల్లో అయితే పై పోర్షన్ కరెంటు మీటరు తేదీ చూసేవాళ్లం. మనిషి అబద్ధం ఆడతాడు గానీ మీటరు ఆడదు. పైన వేరే మీటరు ఉంటే, సర్వీసు ఎప్పుడు ఇచ్చారో కరెంటు ఆఫీసులో కాగితం తీసుకుని, ప్లాను కాపీతో కలిపి నోటీసులో ఇచ్చిన గడువు లోపల రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఇప్పటికి యజమాని ఆయనే, సంతకం ఆయనదే ఉండాలి. మీరు వెంట వెళ్లండి, లేకపోతే ఆయన వెళ్లడు.

వడ్డీ నెలకు 2 శాతం. నానబెడితే అది అసలును మించిపోతుంది. అప్పుడప్పుడు మార్చిలో వడ్డీలో 90 శాతం మాఫీ అని స్కీము ఇస్తారు, 2025 మార్చిలో కూడా వచ్చింది. కానీ అది వస్తుందని ఎదురుచూస్తూ ఇల్లు కొనడం తెలివైన పని కాదు.

మడిగె సంగతి. ఇప్పుడు అందులో ఏముంది?

ల్యాబ్ అక్క, హనుమకొండ

జిరాక్స్ షాపు. ఖాళీ చేయించి ఇస్తానన్నాడు. మా అత్తమ్మ కుట్టుమిషను పెట్టుకుంటానంటోంది. మా ఆయనేమో ఎవరికైనా 3,500 కిరాయికి ఇస్తే ఈఎంఐకి చేతి సాయం అంటున్నాడు. ఇంట్లో ఇంకా తేలలేదు.

పాత బిల్ కలెక్టర్, కరీంనగర్

కిరాయికి ఇస్తే కమర్షియలే. నెలకు 3,500 వస్తే ఆ పన్ను తేడా లెక్కలోకి రాదు, నోరు మూసుకుని కట్టేయండి. షట్టర్ తీసేసి గది చేసుకుంటే మాత్రం నివాసంగా మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, వచ్చి చూసి మారుస్తారు. షట్టర్ అలాగే ఉంచి, లోపల నివాసమే అంటే ఎవరూ నమ్మరమ్మా.

జమ్మికుంట పత్తి

నాదొక చిన్న డౌటు. మేం హనుమకొండలో ఫ్లాట్ చూస్తున్నాం, ఇంకా కడుతున్నారు. మాకూ ఇలాంటి పాత బకాయి తలనొప్పి ఉంటుందా?

కాజీపేట జంక్షన్

కడుతున్న ఫ్లాట్‌కు వేరే తలనొప్పి ఉంది, జీఎస్టీ. మామూలుగా 5 శాతం. 45 లక్షల లోపు ధర, మన ఊళ్లలో అయితే 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల లోపలి జాగా) ఉంటే 1 శాతం. కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ఇంటి పన్ను మాత్రం ఆ స్థలానికి ఖాళీ జాగా పన్ను బకాయి ఉందేమో బిల్డర్‌ను అడగండి. మిగతావి కొత్త పోస్టు పెట్టి అడుగు తమ్మీ, ఇక్కడ అక్క సంగతి పక్కకు పోతుంది.

హంటర్‌రోడ్ నుంచి డల్లాస్

అక్కా, మీ పోస్టు చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇక్కడ టెక్సస్‌లో నాకు అచ్చం ఇదే అయింది, కాకపోతే ఏడాది ఆలస్యంగా. ఇక్కడ ఇంటి పన్నును బ్యాంకే నెలనెలా ఈఎంఐతో పాటు వసూలు చేసి, ఎస్క్రో అనే ఖాతాలో పెట్టి, మన తరఫున కడుతుంది. పన్ను జనవరి 1న ఆస్తి ఎట్లా ఉందో దాని విలువ మీద వేస్తారు. మేం ఆగస్టులో కొత్త ఇంట్లో దిగాం. ఆ జనవరి 1న అక్కడ ఉన్నది మట్టి, రెండు పైపులు. ఆ మట్టికి వచ్చిన పన్ను చూసి, అబ్బో ఎంత చవక అనుకున్నాం. మరుసటి ఏడాది ఇల్లు మొత్తానికి పన్ను వేశారు. ఎస్క్రోలో లోటు పడింది, నెల కిస్తు 410 డాలర్లు పెరిగింది. ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది, 2023లో స్కూలు పన్ను వరకు దాన్ని లక్ష డాలర్లకు పెంచారు కూడా. మేం దరఖాస్తు పెట్టడమే మరిచిపోయాం, అది వేరే బాధ.

చెప్పొచ్చేదేమంటే, ఎక్కడైనా పాత బిల్లు పాత ఇంటిది. కొనేవాడు చూడాల్సింది, ఇప్పుడు కళ్ల ముందున్న ఇంటికి ఎంత పడుతుందో ఆ లెక్క. మీకు అది రిజిస్ట్రేషన్‌కు ముందే తెలిసింది, సంతోషించండి. అక్కడ ఈఎంఐలో పన్ను కలపరు కాబట్టి గుర్తుపెట్టుకుని మీరే కట్టాలి. మా నాన్న ఏటా ఏప్రిల్‌లో 5 శాతం తగ్గింపు కోసం మొదటి వారమే కట్టేసి, రసీదు ఇక్కడికి ఫొటో పంపుతాడు, అదేదో నాకు వచ్చిన ర్యాంకు కార్డులాగా.

ల్యాబ్ అక్క, హనుమకొండ

అందరికీ థాంక్స్. ఇవాళ జూన్ 14. జరిగింది చెప్తాను.

పై పోర్షన్ మీటరు 2021 డిసెంబరులో ఇచ్చారు. కరెంటు ఆఫీసు కాగితం, ప్లాను కాపీ పట్టుకుని నేను, మా ఆయన, అమ్మే ఆయన ముగ్గురం ఒకే ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా ఎవరూ మాట్లాడుకోలేదు. అభ్యంతరం ఇచ్చిన ఎనిమిది రోజులకు మళ్లీ లెక్క వేసి ఇచ్చారు. 34,700 కాస్తా 22,160 అయింది. విచిత్రం ఏమిటంటే, 34 వేలు ఎవరు కడతారని నెల రోజులు నాతో వాదించిన మనిషి, 22 వేలు అనగానే "సరే, కడతాలెండి" అన్నాడు. పన్నెండు వేలు తగ్గించిన పుణ్యం నాది, ఆ సంగతి ఆయన గుర్తించినట్టు లేదు. 25 రెట్ల ముచ్చట మా ఆయన ఆటో దిగేటప్పుడు అన్నాడు, అది పనిచేసిందో ఏమో.

కడతానన్నాడు గానీ కట్టలేదు. "రిజిస్ట్రేషన్ రోజు మీరిచ్చే డబ్బులోంచి కడతా" అంటాడు. బ్యాంకుకేమో రసీదు ముందు కావాలి. చివరికి మేం ఇంకా ఇవ్వాల్సిన 7.60 లక్షల్లోంచి 22,160 ముందే ఆన్‌లైన్‌లో ఆయన ఇంటి నంబరు మీద కట్టేశాం. ఆ మేరకు ధరలో చెల్లినట్టు కాగితం రాయించుకుని సంతకం తీసుకున్నాం. 58 వేల టీడీఎస్ కూడా అదే కాగితంలో రాశాం. దానికి ఆయన చాలాసేపు గునిశాడు. వాళ్లబ్బాయి ఫోన్‌లో చెప్పాక ఊరుకున్నాడు. ఆయన కట్టిన ఈ ఏడాది పన్నులో మా వాటా 1,715 చేతిలో పెట్టాను, లెక్క సరిగ్గా చూసి జేబులో పెట్టుకున్నాడు.

కొత్త పన్ను 6,480 అంటే నెలకు 540. ఈఎంఐ నలభై వేలు. అంత పెద్ద కిస్తు కట్టడానికి సిద్ధపడి ఈ 540కి భయపడలేదు నేను. ఆ 34 వేలు అదే వారంలో, అదే చేతిలోంచి పోవాలన్నదానికే కళ్లు తిరిగాయి. మొదటి పోస్టు రాసినప్పుడు ఆ తేడా నాకే తెలియలేదు.

సార్, ఒక్కటి అడుగుతా. రిజిస్ట్రేషన్‌తోపాటే పేరు మారుతుందంటున్నారు. మళ్లీ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాలా?

పాత బిల్ కలెక్టర్, కరీంనగర్

ఇంటి నంబరు, పన్ను రసీదు మీద ఉండే అసెస్‌మెంట్ నంబరు డాక్యుమెంట్‌లో సరిగ్గా రాస్తే మ్యుటేషన్, అంటే పన్ను రికార్డులో పేరు మార్పు కూడా దాంతోపాటే అయిపోతుంది. ఒక్క అంకె తప్పు పడినా నెలల తరబడి తిరగాలి. డ్రాఫ్ట్ చదివేటప్పుడు మిగతాదంతా రైటర్‌కు వదిలేసినా ఆ నంబరు మాత్రం మీ రసీదు పక్కన పెట్టుకుని వేలితో చూపిస్తూ చదవండి. పది రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో మీ పేరు వచ్చిందో లేదో చూసుకోండి. నల్లా కనెక్షన్ పేరు కూడా మారిందో లేదో చూసుకోండి.

ల్యాబ్ అక్క, హనుమకొండ

డ్రాఫ్ట్ ఇప్పుడే వచ్చింది. మీరు చెప్పినట్టే వేలు పెట్టి చదివాను. అసెస్‌మెంట్ నంబరులో చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి సార్. ఫోన్ చేసి దిద్దించాను. 19నే రిజిస్ట్రేషన్. జిరాక్స్ మిషను మాత్రం ఇంకా మడిగెలోనే ఉంది.

కాజీపేట జంక్షన్

ఉండనీ అక్కా. రిజిస్ట్రేషన్ కాగితాలకు జిరాక్స్‌లు అక్కడే తీయించుకుని, ఆ తర్వాత ఖాళీ చేయించండి.